క్లోరో కాంపౌండ్‌తో సుజుకి రియాక్షన్ (పల్లాడియంతో రెండు కార్బన్ ముక్కల్ని కలిపేది) కదలట్లేదు, పల్లాడియం పెంచాలా?

ప్రశ్న: ఇన్నాళ్లూ బ్రోమో స్టార్టింగ్ మెటీరియల్‌తో చేసేవాళ్లం, టెట్రాకిస్ అనే పల్లాడియం కేటలిస్ట్ వేస్తే హాయిగా అయిపోయేది. ఖర్చు తగ్గుతుందని ఇప్పుడు క్లోరో కాంపౌండ్ ఇచ్చారు. రాత్రంతా నడిపినా కన్వర్షన్ నామమాత్రం, పైగా ఫ్లాస్క్ గోడలకి నల్లగా పడుతోంది. పల్లాడియం రెట్టింపు చేయమంటున్నారు మా టీమ్ లీడ్. పనవుతుందా సార్?

జవాబు: బిల్లు రెట్టింపవుతుంది, అంతే. ఆ నల్లటిది పల్లాడియం బ్లాక్, అంటే కేటలిస్ట్ చచ్చిపోయి లోహంగా పేరుకుంటోంది. కార్బన్–క్లోరిన్ బంధం బ్రోమిన్ బంధం కంటే గట్టిది కదా, దాన్ని తెంచాలంటే పల్లాడియం దగ్గర ఎలక్ట్రాన్లు దండిగా ఉండాలి, టెట్రాకిస్‌లోని లిగాండ్ (లోహానికి అతుక్కునే అణువు) ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ అన్ని ఇవ్వలేదు. ఎక్స్‌ఫాస్, ఎస్‌ఫాస్ అనే లిగాండ్లు చూడండి, ఎంఐటీలో బుక్‌వాల్డ్ వాళ్లు చేసినవి. ఎలక్ట్రాన్లు ధారాళంగా ఇస్తాయి, పైగా భారీ శరీరాలు, బస్సులో ఇద్దరి సీటు ఒక్కరే ఆక్రమించినట్టు ఒక లిగాండ్ కూర్చుంటే రెండోదానికి చోటుండదు, పక్కన మిగిలిన ఖాళీలోకే ఆరైల్ క్లోరైడ్ (మీ క్లోరో కాంపౌండ్) వస్తుంది. పల్లాడియం అసిటేట్ 1 మోల్ శాతం, లిగాండ్ 2, బేస్‌గా పొటాషియం ఫాస్ఫేట్, టోలీన్‌లో కొంచెం నీళ్లు, ఇలా మొదలుపెట్టండి. నైట్రోజన్ బాగా పంపి ఆక్సిజన్ తీసేయడం మాత్రం మర్చిపోవద్దు. అన్నట్టు మీ టెట్రాకిస్ ఏ రంగులో ఉంది? పసుపు పోయి ఆకుపచ్చకో గోధుమకో తిరిగితే అది బ్రోమోకి కూడా పనికిరాదు.

ప్రశ్న: ఎక్స్‌ఫాస్‌తో పెట్టి చూస్తాను సార్. ఇంకో టెన్షన్ కూడా ఉంది. తర్వాతి స్టేజ్‌లో నైట్రోని అమీన్ చేయాలి, 5 శాతం పల్లాడియం కార్బన్ వేస్తే రింగు మీద ఉండాల్సిన వేరే క్లోరిన్ కూడా ఊడిపోతోంది. కార్బన్ బదులు అల్యూమినా మీద ఉన్నది వేయాలా?

ఇంకొకరి జవాబు: ఇక్కడ మార్చాల్సింది సపోర్ట్ (లోహాన్ని మోసే పొడి) కాదండీ, లోహం. పల్లాడియానికి హాలోజన్ ఊడగొట్టే అలవాటు ఎక్కువ. ప్లాటినం కార్బన్ తెప్పించండి, అందులోనూ సల్ఫైడెడ్ (గంధకం పట్టించిన) రకం. గంధకం కేటలిస్ట్‌కి విషమే, కానీ కొద్దిగా పడితే దాని దూకుడు తగ్గి నైట్రో దగ్గరే ఆగుతుంది. లిండ్లార్ కేటలిస్ట్ అనే పల్లాడియం రకంలో సీసం చేసే పని కూడా అలాంటిదే. కార్బన్ సపోర్ట్‌నే ఉంచుకోండి, గట్టి యాసిడ్‌నీ బేస్‌నీ కూడా తట్టుకుంటుంది, అల్యూమినా రెండింట్లోనూ కరుగుతుంది. అయితే కార్బన్ రంధ్రాల్లో మీ ప్రొడక్ట్ కొంత ఇరుక్కుంటుంది, అందుకే ఫిల్టర్ చేశాక ఫిల్టర్ మీద మిగిలిన కేటలిస్ట్ కేక్‌ని వేడి సాల్వెంట్‌తో కడగండి, లేదంటే ఈల్డ్ తగ్గిందని వేరేచోట వెతుక్కుంటారు. కడిగాక దాన్ని ఆరనివ్వొద్దు. హైడ్రోజన్ పీల్చుకున్న కేటలిస్ట్, మెథనాల్ ఆవిరి, గాలి, మూడూ కలిస్తే దానంతటదే అంటుకుంటుంది. నైట్రోజన్ ఆపకుండా నీళ్లు పోసి తడిగానే తీయండి.