పాత ముద్రల్లో నత్తగుల్ల ఎడమకెందుకు తిరిగింది?

ప్రశ్న: పాత రాగిరేకు ముద్రల్లో (రేకు మీద గీసి కాగితంపై అచ్చేసిన బొమ్మల్లో) కొన్ని గుల్లలు ఎడమచుట్టుగా ఉన్నాయి. అరుదైన జాతులా, చిత్రకారుడి పొరపాటా?

జవాబు: చాలావరకు అచ్చు వల్లేనండీ. రేకు మీద గీసింది కాగితంపై అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1650లో వేసిన కోనస్ (శంకువు ఆకారపు సముద్రపు నత్త) గుల్ల చూడండి: సంతకం సరిగ్గా పడేలా తిప్పి రాశాడు, గుల్లను మాత్రం తిప్పలేదు. ఎంత చక్కటి గీతలో! శాస్త్రానికి మాత్రం అది తప్పు బొమ్మే.

ప్రశ్నించినవారు: చుట్టు ఎటో పోల్చుకోవడం ఎలా?

జవాబు: మొన పైకి, నోరు మనవైపు పెట్టండి. నోరు కుడిపక్కనుంటే కుడిచుట్టు. అత్యధిక జాతులు ఇవే.

మరొకరు: పలచని కాగితం మీద బొమ్మ ఎత్తి, బోర్లించి రేకుకెక్కిస్తే ఈ తప్పు రాదు. నీడలు నేరుగా రేకు మీదే వేసేవాళ్లు జాగ్రత్త. వెలుగు ఎడమ పైనుంచి పడటం ఆనవాయితీ, కాబట్టి రేకు మీద కుడి పైనుంచి చూపాలి.