విమానంల సీటుకు ముందే పైసలు కట్టాల్నా, ఊకుంటే నడుస్తదా?

చెర్వుగట్టు:
మా బాపు, అమ్మ వచ్చే నెల డల్లాస్ పోతున్నరు, చెల్లె డెలివరీకి. ఇద్దరికీ విమానం ఎక్కుడు ఇదే మొదలు. శంషాబాద్ నుంచి దుబాయికి 4 గంటలు, ఆడికెళ్లి డల్లాస్‌కు 16 గంటలు. టికెట్లు నల్లగొండల గడియారం సెంటర్ కాడ ఒక ఏజెంటు తోని చేయించిన. ఇప్పుడాయన "సీట్లు ముందే కొనాలె, లేకుంటే ఒకర్ని ముందట, ఒకర్ని ఎన్క పడేస్తరు" అంటుండు. ఇద్దరికి రెండు ఫ్లైట్లకు కలిపి, పోయేటప్పటికే 13,000 దాటుతున్నది. వచ్చేటప్పుడు మళ్ల గంతే. అమ్మకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. బాపుకు షుగరు, మోకాళ్ల నొప్పులు, ఊకె లేవాలె. ఏజెంటు భయపెడుతుండా, నిజమే చెప్తుండా? కట్టినోళ్లు, కట్టనోళ్లు ఇద్దరూ చెప్పుండ్రి.

పాలమూరు బస్టాండ్:
అన్నా, ఒక్క రూపాయి కట్టకు. చిన్నప్పుడు బస్సు ఆగకముందే కిటికీల నుంచి తువ్వాల ఏసి సీటు ఆపినోళ్లం మనం. గా తువ్వాలకే విమానపోళ్లు రేటు కట్టిండ్రు, అంతే ముచ్చట. ఆఫీసు పని మీద నేను నెలకు రెండుసార్లు పుణె, ఢిల్లీ తిరుగుత. ఇప్పటిదాక సీటుకు పైసలు పెట్టలె. టికెట్ కొనేటప్పుడు రంగురంగుల సీట్ల బొమ్మ వస్తది. అది నింపకుంటే ముందుకు పోనియ్యదేమో అనిపిస్తది. కిందికి జరుపుకుంట పోతే ఓ మూలకు చిన్న అక్షరాలల్ల "స్కిప్" అని ఉంటది, దాన్ని నొక్కాలె. 48 గంటల ముందు వెబ్ చెక్-ఇన్, అంటే నెట్‌లనే సీటు, బోర్డింగ్ పాస్ తీసుకునుడు, తెరిచినంక ఏదో ఒకటి అదే ఇస్తది. నడిమి సీటే పడ్తది, ఒప్పుకుంట. రెండు గంటలు నడిమిట్ల కూసుంటే నడుము ఇరగదు.

షాద్‌నగర్ మాజీ కౌంటర్:
శంషాబాద్‌లో నాలుగేళ్లు చెక్-ఇన్ కౌంటర్లో చేసి మానేసిన. అవతలి వైపు నుంచి ఎట్లుంటదో చెప్త.

ఎవరూ ఎంచుకోకపోతే సీట్లు మిషనే పంచుతుంది. నేను చూసినంతలో కిటికీ పక్కవి, నడవ పక్కవి అమ్ముడుపోయే సరుకు కాబట్టి వాటిని ఆపుకొని, నడిమివి, వెనక వరుసలవి ముందు ఇస్తుంది. ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్నవాళ్లను పక్కపక్కన పెట్టడానికి చూస్తుంది, కానీ అది హామీ కాదు. పీఎన్ఆర్‌లు వేరైతే వీళ్లు మొగుడూ పెళ్లాలని దానికెట్ల తెలుస్తది? కొందరు ఏజెంట్లు రేటు కలిసిరావడానికి ఒక్కొక్కరికి వేరుగా టికెట్ తీస్తరు. చెర్వుగట్టు అన్నా, ముందు ఆ కాగితం చూడు, పీఎన్ఆర్ ఒకటేనా, రెండా. ఇంకోటి, ఏజెంటు తన నంబరు, తన మెయిల్ ఇచ్చి ఉంటే చెక్-ఇన్ మెసేజ్ ఆయనకే పోతది, నీకు రాదు. నువ్వే వెబ్‌సైట్‌లో తెరుద్దామంటే పీఎన్ఆర్‌తో పాటు ఇంటిపేరు అడుగుతది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారైనవి మస్తు ఉంటయి. టికెట్ మీద ఎట్ల ఉంటే అట్లనే కొట్టాలె. ఇది తెలియక "బుకింగ్ లేదు అంటున్నది" అని ఏడుపు మొహంతోని కౌంటర్‌కు వచ్చినోళ్లను ఎందరినో చూసిన.

కౌంటర్ కాడ సీటు వేయించుకుంటే డబ్బు లేదనేది కొత్త మాట కాదు, ముందు నుంచీ ఉన్నదే. 2018 నవంబర్‌లో ఇండిగో వెబ్ చెక్-ఇన్‌లో అన్ని సీట్లకూ చార్జి పెట్టినప్పుడు పెద్ద గొడవైంది, విమానయాన శాఖ పరిశీలిస్తామన్నది. ఎయిర్‌పోర్టులో ఉన్న సీటు ఉచితంగనే ఇస్తమని కంపెనీ అప్పుడే చెప్పింది. అందుకే తొందరగ వచ్చినోళ్లకు మేం ఏదో ఒకటి సర్దేవాళ్లం. ఫ్లైట్ నిండితే మాత్రం దండం పెట్టినా మా చేతుల్లో ఏం ఉండదు. అమెరికా ఫ్లైట్లు ఎండాకాలం సెలవుల్లో, డిసెంబర్‌లో ఎట్ల కిటకిటలాడుతయో చెప్పనక్కర్లేదు.

దేవరకొండ టీచరమ్మ:
2023 దసరా సెలవులకు గోవా వెళ్ళాం. పాపకు అప్పుడు ఏడేళ్లు. డబ్బు కట్టకుండా చెక్-ఇన్ చేస్తే నాకు 9వ వరుస, మా వారికి 22, పాపకు 17! ఏడేళ్ల పిల్లను ఎవరి పక్కన కూర్చోబెట్టాలనుకుందో ఆ మిషను. కౌంటర్‌లో అమ్మాయి మార్చి ఇచ్చింది గానీ, అప్పటిదాకా నా ప్రాణం నా చేతుల్లో లేదు.

2024 ఏప్రిల్‌లో మన దేశంలో విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ ఆదేశమిచ్చింది. 12 ఏళ్ల వరకు పిల్లలకు అదే పీఎన్ఆర్ మీద వస్తున్న తల్లిదండ్రుల్లోనో, సంరక్షకుల్లోనో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి. "కనీసం ఒకరి" అన్న మాట చూడండి. రెండో వాళ్లు తోక దగ్గర కూర్చున్నా రూల్ తప్పినట్టు కాదు. సీటు, భోజనం లాంటి అదనపు సేవలు ప్రయాణికులు కోరుకుంటేనే తీసుకునేవి, తప్పనిసరి కాదు అని కూడా డీజీసీఏ చెప్పింది. పిల్లలున్న వాళ్లు డబ్బు కట్టేముందు ఇది గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లకు మాత్రం ఆ రూల్ వర్తించదు. చెర్వుగట్టు గారూ, మీ అమ్మగారికి భాష రాదు కాబట్టి నేనైతే కట్టేస్తాను.

గద్వాల జరీ:
నాకు పాలమూరు బస్టాండ్ మీద కోపం. కట్టకుండా ఎక్కుతరు, ఎక్కినంక "అక్కా, మేమిద్దరం ఒకటే, జర అటు జరుగుతవా" అంటరు. పోయిన ఏడాది కిటికీ సీటుకు 900 కట్టిన. మబ్బులు చూసుకుంట పోదామని. ఓ పెద్దమనిషి వచ్చి నా సీట్లనే కూసున్నడు, నడిమిట్లకు పొమ్మంటుండు. లేపితే చుట్టూ ఉన్నోళ్లంత నన్నే చూసిండ్రు, ముసలాయనను లేపింది అని. పైసలు నేను పెట్టాలె, మాటలూ నేనే పడాలె. మీ పిసినారితనం మా నెత్తినెందుకు?

పాలమూరు బస్టాండ్:
అక్కా, నేను ఎవర్నీ జరగమని అడగ. ఒక్కణ్నే పోత, ఇచ్చిన కాడ కూసుంట. పిసినారి అంటే మటుకు నిజమే.

మిర్యాలగూడ రైస్:
కట్టినా గ్యారంటీ లేదు తమ్మీ. అన్న కొడుకు పెండ్లికి సింగపూర్ పోయినం, ఐదుగురం. ఒకే వరుసల కావాలని అందరికి కట్టిన. పోయే ముందురోజు విమానం మార్చిండ్రు, వేరే సైజుదట. మా వరుసే లేదండ్ల! ముగ్గురు ఒక దిక్కు, ఇద్దరు ఒక దిక్కు. పైసలు వాపసు ఇస్తమన్నరు. రెండు నెలలు మెయిల్ల మీద మెయిల్లు పెడితే వచ్చినయి. నా తరఫు నుంచి ఒక్కటే మాట, సీటుకు కట్టిన రసీదు టికెట్‌తో కలపకుండ వేరుగా దాచుకో. ఫ్లైట్ నువ్వే రద్దు చేసుకుంటే మాత్రం ఎక్కువ శాతం ఆ పైసలు పోయినట్టే.

చెర్వుగట్టు:
అందరికి థాంక్స్. పీఎన్ఆర్ చూసిన, ఒకటే ఉన్నది, బతికిన. ఇప్పుడు ఏజెంటు కొత్త కథ చెప్తుండు. బాపుకు మోకాళ్ల నొప్పులు కదా, ఎమర్జెన్సీ డోర్ కాడ కాళ్లు జాపుకునే సీటు తీసుకొమ్మంటుండు. రేటు డబుల్.

షాద్‌నగర్ మాజీ కౌంటర్:
అస్సలు తీసుకోకు. ఎమర్జెన్సీ ద్వారం పక్క సీటు, అవసరమైతే ఆ తలుపు తీసి సాయం చేయగలిగినోళ్లకే. పిల్లలకు, గర్భిణులకు, వీల్‌చెయిర్ అడిగినోళ్లకు, సిబ్బంది చెప్పే మాట అర్థం కానోళ్లకు ఇయ్యరు. మీ బాపును గేటు కాడనో, లోపలనో లేపి వేరే చోట కూసోబెడతరు. ఏజెంటుకు ఇది తెలియక కాదు.

పెద్ద బోయింగ్ 777ల ఎకానమీ వరుసలు చాలా వాటిల్లో 3, 4, 3గ ఉంటయి. ఏ, బీ, సీ ఒక దిక్కు, నడిమిట్ల డీ, ఈ, ఎఫ్, జీ, అటు హెచ్, జే, కే. ఐ అక్షరం ఉండదు, ఒకటి అంకె లెక్క కనిపిస్తదని. మీవాళ్లకు నడిమి నాలుగిట్ల డీ, ఈ తీసుకో. డీల బాపు నడవ పక్కన ఉంటడు, ఎన్నిసార్లు లేచినా ఎవర్నీ లేపక్కర్లేదు, అమ్మ మీద నుంచి దాటక్కర్లేదు కూడ. కిటికీ మోజు ఇడిచిపెట్టు. బాత్రూమ్‌కు మరీ ఆనుకొని ఉన్న వరుస మాత్రం వద్దు, రాత్రంత లైటు, తలుపు చప్పుడు. రెండు ఫ్లైట్లకూ వీల్‌చెయిర్ ఇప్పుడే చెప్పి పెట్టు. దానికి పైసలు లేవు, దుబాయిల గేటు నుంచి గేటుకు నడిచే దూరం చూస్తే నీకే తెలుస్తది ఎందుకో.

చెర్వుగట్టు:
16 గంటల ఫ్లైట్‌కే కట్టిన, డీ, ఈ. 4 గంటల దానికి ఊకున్న. 48 గంటల ముందు రాత్రి పూట కూసొని నేనే చెక్-ఇన్ చేసిన. దుబాయి దాక ఒకరి ఎన్క ఒకరు వచ్చినయి, పక్కపక్కన కాదు. శంషాబాద్ కౌంటర్‌ల అడిగితే ఓ పిల్ల నవ్వుకుంట మార్చి ఇచ్చింది.

నిన్న అమ్మ డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. నేను కట్టిన సీట్ల బాపు రెండు గంటలు కూడ కూసోలేదట. ఎన్క వరుసల సూర్యాపేట దిక్కు ఆయన ఒకాయన దొరికిండట. బాపు లేచి పోయి ఆయన పక్క ఖాళీల కూసొని ఎవుసం ముచ్చట్లు పెట్టుకుంట పోయిండట. అమ్మ రెండు సీట్ల మీద కాళ్లు ముడుచుకొని పండుకున్నదట. "మంచిగ నిద్ర పట్టింది బిడ్డా, వచ్చేటప్పుడు గూడ గట్లనే రెండు తీయి" అంటున్నది.