నడుస్తున్న లాప్‌టాప్‌కి బయోస్ అప్‌డేట్ చేయాలా, వద్దా?

గోదారి_పెంగ్విన్:
నాది 2019లో కొన్న లాప్‌టాప్, ఉబుంటు లినక్స్ ఒక్కటే ఉంది. కంపెనీ పేరు వద్దులెండి. మొన్న రాత్రి ఫర్మ్‌వేర్ (అదే, ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే బయోస్) అప్‌డేట్ వచ్చిందని కనిపిస్తే నొక్కేసి పడుకున్నాను. పొద్దున తొమ్మిదికి మీటింగ్. ఆన్ చేస్తే ఏ ఓఎస్ ఎక్కించాలో అడిగే గ్రబ్ మెనూ మామూలుగానే వచ్చింది. ఉబుంటు ఎంచుకున్నాక స్క్రీన్ కాసేపు నల్లగా ఉండిపోయి, ఫలానా యూయూఐడీ (డిస్కు భాగానికి ఉండే గుర్తింపు నంబరు) లేదు, షెల్‌లోకి వెళ్తున్నానంటూ ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్కు దొరికేదాకా నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్) దగ్గర ఆగిపోయింది. అక్కడే డిస్కుల కోసం చూస్తే ఎన్‌వీఎంఈ పేరుతో (నా ఎస్ఎస్‌డీ ఆ రకందే) ఒక్కటీ లేదు.

రిపేరు షాపుకి తీసుకెళ్తే అతను రెండు నిమిషాలు చూసి, ఎస్ఎస్‌డీ పోయింది, కొత్తది తెప్పిస్తానన్నాడు. టెన్షన్‌లో సరే అనేశాను. ఇంటికొచ్చాక బుర్ర వెలిగింది. డిస్కే పోతే ఆ గ్రబ్ మెనూ ఎక్కడి నుంచి వచ్చినట్టు? అదీ ఆ ఎస్ఎస్‌డీలోనే కదా ఉండేది! పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ ఉబుంటు ఎక్కించి, కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) రాసుకునే డీమెసేజ్ లాగ్ చూశాను. రీమ్యాప్ అయిన ఎన్‌వీఎంఈ డివైస్ 1 దొరికింది అని ఒక లైను, దాని కిందే బయోస్‌లో రెయిడ్ తీసేసి ఏహెచ్‌సీఐ పెట్టుకో అని ఇంకో లైను (రెండూ ఓఎస్‌కి డిస్కులని చూపించే పద్ధతులు). జవాబు అక్కడే రాసి పెట్టి ఉంది! అప్‌డేట్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ రోజుకి తీసుకెళ్లిపోయింది. ఆ ఒక్కటీ మార్చి సేవ్ చేస్తే ఉబుంటు లేచి కూర్చుంది.

నా మాట ఒకటే. బాగున్న మెషీన్‌కి బయోస్ అప్‌డేట్ చేయడం కొరివితో తల గోక్కోవడమే.

పాతకీబోర్డు:
వంద శాతం నిజం. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 ఏం చేసిందో గుర్తుందా? కొన్ని లెనోవో లాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ అవడమే మానేశాయి. ఉబుంటు తయారుచేసే కెనానికల్ వాళ్లు ఆ డౌన్‌లోడ్‌నే వెనక్కి తీసుకున్నారు. బయోస్ జోలికి ఎవరు వెళ్లినా అంతే.

నైట్‌షిఫ్ట్_సర్వర్‌రూం:
అన్నా, అది ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కాదు. బయోస్ చిప్‌తో మాట్లాడే ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవర్ చేసిన పని, అంటే మన కెర్నెల్ వైపు తప్పు. ఆ ఉదాహరణ మీ వాదనకి పనికిరాదు.

పెంగ్విన్ గారి విషయానికొస్తే అప్‌డేట్ ఏదీ పగలగొట్టలేదు, మీరు చెప్పిపెట్టిన సంగతులు మర్చిపోయింది. ఏం మర్చిపోయిందన్నదాన్ని బట్టి లక్షణం మారుతుంది. మీకు స్టోరేజ్ మోడ్ (ఆ రెయిడ్, ఏహెచ్‌సీఐ సెట్టింగు) పోయింది. గ్రబ్‌కి డిస్కు చదివిపెట్టేది ఫర్మ్‌వేరే, కెర్నెల్ మాత్రం సొంతంగా చదవాలి, కాబట్టి గ్రబ్ వచ్చి కెర్నెల్ తర్వాత ఆగింది. ఎన్‌వీర్యామ్‌లో (ఫర్మ్‌వేర్ తన సెట్టింగులు దాచుకునే చోటు) బూట్ ఎంట్రీ పోతే అసలు గ్రబ్బే రాకపోవచ్చు, విండోస్ కూడా ఉంటే నేరుగా అదే రావచ్చు, లేదా బూట్ అయ్యే డిస్కు లేదనొచ్చు. అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) మోడ్‌లోనే ఎక్కించి, ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్ అనే కమాండ్‌తో షిమ్ (ముందు తను లేచి గ్రబ్‌ని లేపే చిన్న ప్రోగ్రాం) ఫైలుకి ఎంట్రీ మళ్లీ రాస్తే చాలు. చాలామంది ఈ మాత్రానికే ఓఎస్ తీసేసి మళ్లీ వేసుకుంటారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్న కోడ్‌నే లేవనిచ్చే కాపలా) దానంతటదే ఆన్ అయి, సొంత డ్రైవర్ల సంతకం కోసం మీరు చేర్చుకున్న మాక్ (ఎంఓకే) తాళం కూడా చెరిగిపోతే, ఉబుంటు వస్తుంది కానీ ఎన్‌విడియా డ్రైవర్ ఎక్కదు. డిస్క్ తాళం టీపీఎమ్ అనే భద్రతా చిప్‌కి కట్టినవాళ్లకి పాస్‌వర్డ్ మళ్లీ అడగొచ్చు.

ఇక అప్‌డేట్ చేయకుండా కూర్చోవడం గురించి. 2023 డిసెంబరులో లోగోఫెయిల్ అనే భద్రతా లోపం బయటపడింది. ఆన్ చేయగానే కనిపించే కంపెనీ లోగో బొమ్మని చదివే కోడ్‌లోనే కన్నం. ఓఎస్ ఎన్నిసార్లు మార్చినా అది పూడదు, ఫర్మ్‌వేరే మారాలి.

రెండు_ఓఎస్‌ల_మనిషి:
సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి పడేస్తే సగం గొడవ ఉండదు కదండీ. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లని నిషేధించేసరికి, డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ) పెట్టుకున్న ఎందరికో లినక్స్ వైపు ఎస్‌బ్యాట్ (పాత షిమ్‌లని ఆపే తనిఖీ) ఎర్రర్ వచ్చింది. బయోస్ ముట్టుకోనివాళ్లు కూడా మునిగారు.

నైట్‌షిఫ్ట్_సర్వర్‌రూం:
ఆ రోజు గట్టెక్కడానికి ఆఫ్ చేయండి, తప్పులేదు. అలాగే వదిలేయడం మాత్రం నేను ఒప్పుకోను. మైక్రోసాఫ్ట్ 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లకి గడువు ముగియడం 2026 జూన్ నుంచి మొదలు. గడువు దాటినంత మాత్రాన మెషీన్ ఆగిపోదు, పాత సంతకంతో ఉన్న షిమ్ లేస్తూనే ఉంటుంది. కానీ ముందుముందు వచ్చే షిమ్‌లకి 2023 తాళంతోనే సంతకం. ఆ తాళాన్ని మెషీన్‌లోకి తెచ్చే దారుల్లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఒకటి.

పాతకీబోర్డు:
తమ్ముడూ, మీ సర్వర్‌రూంలో యూపీఎస్ ఉంటుంది. మా ఇంట్లో డెస్క్‌టాప్, ఎండాకాలం కరెంటు. ఫ్లాష్ అవుతుండగా పోతే బోర్డు ఇటుకే. నేను చేయను గాక చేయను.

నైట్‌షిఫ్ట్_సర్వర్‌రూం:
డెస్క్‌టాప్‌కైతే మీరన్నది సబబే, ఒప్పుకుంటున్నాను. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ఆ సాకు చెల్లదు.

గోదారి_పెంగ్విన్:
సరే, సగం తగ్గుతాను. బయోస్‌లో ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను, మొత్తం పదకొండు. ఈసారి అప్‌డేట్ వస్తే శనివారం పొద్దున చేస్తాను, మీటింగ్ ముందు రోజు రాత్రి మాత్రం చస్తే చేయను. ఇప్పుడున్న తలనొప్పి వేరే. ఎస్ఎస్‌డీ వచ్చింది, ఎప్పుడు తీసుకెళ్తారని షాపతను పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఏం చెప్పమంటారు?