నత్త విషయంలో ‘జాతి’ అనాలా, ‘ప్రజాతి’ అనాలా?

ప్రశ్న: మొన్నటి వానలకు సీతమ్మధారలోని మా పెరట్లో బొప్పాయి మొక్కకు పెద్ద పెద్ద నత్తలు పట్టాయి. అందరూ ‘ఆఫ్రికా నత్త జాతి’ అంటున్నారు. మా అమ్మాయి పాఠంలో ‘ప్రజాతి’ అని ఉంది. రెండూ ఒకటేనా? పెద్దలు చెప్పగలరు.

సమాధానం: అమ్మా, ఒకటి కావు. జీవుల వర్గీకరణలో జాతి అంటే స్పీషీస్, దగ్గరి జాతులను కలిపిన గుంపు ప్రజాతి, అంటే జీనస్. పితామహునికి పై తరంవాడు ప్రపితామహుడైనట్లే జాతికి పై మెట్టు ప్రజాతి అని గుర్తుపెట్టుకోవచ్చు. మీ పెరట్లోని నత్త పేరు లిస్సకాటినా ఫులికా. ఇందులో మొదటి మాట ప్రజాతిని తెలుపుతుంది, రెండు మాటలూ కలిస్తేనే జాతి పేరు అవుతుంది.

మద్దిలపాలెంలో మా ప్రహరీ వారన దొరికిన ఖాళీ గుల్ల ఒకటి నా బల్ల మీద ఉంది. కుడివైపుకు తిరిగిన ఏడు చుట్లు, గోధుమ రంగు మీద నిలువునా ముదురు చారలు, పాలిపోయిన మొన. ఇలాంటి చారలను చూసే కాబోలు, 1799లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త లామార్క్ చారలుండే అగేట్ రాయి పేరు మీదుగా అకాటినా అనే ప్రజాతిని ఏర్పరచాడు. 1950లో నత్తల పరిశోధకుడు బెకార్ట్ దాని కింద లిస్సకాటినాను ఉపప్రజాతిగా విడదీశాడు (గ్రీకులో ‘లిస్సోస్’ అంటే నునుపైనది). తరువాతి పరిశోధకులు దానిని స్వతంత్ర ప్రజాతిగా పరిగణించారు. అన్నింటికీ ‘జాతి’ అనే రాస్తే, ఏ మెట్టు నుండి ఏ మెట్టుకు మారిందో తెలుగులో చెప్పే దారే ఉండదు.

విస్తరణ దగ్గర ఈ తేడా మరీ ముఖ్యం. లిస్సకాటినా ప్రజాతి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. అకాటినా ప్రజాతికి మూలరూపమైన జాతి, అంటే ఆ ప్రజాతి పేరుకు ప్రమాణంగా నిలిచే జాతి, పశ్చిమ ఆఫ్రికాది. మనుషుల వెంట ఎన్నో ఉష్ణమండల దేశాలకు పాకినది ప్రధానంగా ఫులికా అనే ఒక్క జాతి. 1847లో బెన్సన్ అనే నత్తల పరిశోధకుడు మారిషస్ నుండి తెచ్చి కలకత్తా తోటలో వదిలినదీ అదే. అందువల్ల ‘ఈ ప్రజాతి లోకమంతా వ్యాపించింది’ అంటే తప్పు, ‘ఈ జాతి వ్యాపించింది’ అంటే ఒప్పు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. మరి వాడుకలో దీనిని నత్తగుల్ల అనవచ్చునా?

సమాధానం: అనకపోవడమే మేలని నా అభిప్రాయం. నత్తగుల్ల అనగానే మనలో చాలామందికి చెరువుల్లోని నీటి నత్తలే గుర్తుకు వస్తాయి. పైగా గుల్ల అనేది పై పెంకుకే చెల్లుతుంది, లోపలి ప్రాణికి కాదు. ‘రాక్షస నత్త’ అనే మాట భయపెడుతుందే తప్ప ఏమీ తెలపదు. ‘ఆఫ్రికా పెద్ద నేలనత్త’ అంటే ఊరు, పరిమాణం, నివాసం మూడూ తెలుస్తాయి.