నైట్ షిఫ్ట్ టెన్షన్: విమానాల టెక్నీషియన్లు ఎలా తట్టుకుంటున్నారు?

ప్రశ్న: మా తమ్ముడు బెంగళూరులో విమానాల మెయింటెనెన్స్ టెక్నీషియన్. పొద్దున ఫ్లైట్ టైముకి అప్పగించాలని తొందరపెడితే చేతులు వణుకుతాయంటాడు. పగలు నిద్ర పట్టదు. ఏం చేయాలి?

జవాబు: అక్కా, నాదీ అదే పని, బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లిలో. టెన్షన్‌లో చూపు ఒకచోటే అతుక్కుపోతుంది, పక్కనే బిగించని క్లాంప్ (పైపుల్ని, వైర్లని పట్టి ఉంచే బిగింపు) కనబడదు. 1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ముందు అద్దం గాల్లో ఊడిపోయింది. రాత్రి షిఫ్టులో బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే సన్నవి! ఏ భాగానికి ఏ బోల్టో చెప్పే కేటలాగు చూడకుండా పాత బోల్టుతో పోల్చి తెచ్చారు. మధ్యలో ఎవరైనా పిలిస్తే, తిరిగొచ్చాక మూడు స్టెప్పులు వెనక్కెళ్లి మొదలుపెట్టమనండి. టార్క్ రెంచ్ (బోల్టుని సరిగ్గా ఎంత బిగించాలో అంతే బిగించే పానా) పట్టే ఓపిక లేనప్పుడు, పని సరిగ్గా అయిందని సంతకం అసలు పెట్టొద్దు.

మరో జవాబు: తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఒళ్లు మరీ మొద్దుబారుతుంది. ఆ టైములో చేసింది ఇంకొకరు చూడాల్సిందే. పగలు గది చీకటి చేసి పడుకోమనండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ, ఇవాళే వాడితో మాట్లాడతాను.