నల్లమట్టిలో లావెండర్ బతుకుతుందా?

ఫ్రిస్కో పెరడు: అందరికీ నమస్కారం. మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇంటి ముందు నడకదారి పక్కన కొంచెం స్థలం ఖాళీగా ఉంది, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండే ఎండ. అక్కడ వరసగా లావెండర్ వేయాలని చాలా ఆశగా ఉంది. కానీ మా వీధిలో వేసినవాళ్లవి వసంతమంతా బాగానే ఉండి, జూన్‌లో వానలు పడ్డాక కింద నుంచి ఎండుకుంటూ వచ్చి పోయాయి. మట్టి అచ్చం మన గుంటూరు నల్లరేగడే, తడిస్తే బంక, ఎండితే పగుళ్లు. ఏ రకం కొనాలి? ఎప్పుడు వేయాలి? స్ప్రింక్లర్ నీళ్లు సరిపోతాయా?

మట్టివాసన: అవి పోయింది ఎండకి కాదండీ, వేళ్ల దగ్గర నిలిచిన తడికి. మన మట్టిలో సున్నం ఉంటుంది, అది లావెండర్‌కి ఇష్టమే, నీరు ఇంకకపోవడంతోనే తంటా అంతా. నల్లమట్టిలో గుంట తీసి అందులో నర్సరీ మట్టి నింపితే వాన పడ్డప్పుడు ఆ గుంటే నీళ్లతొట్టి అయిపోతుంది. అందుకని గుంటలో కాదు, గట్టు మీద వేయండి. అడుగు ఎత్తు పోసి, అందులో ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి పొంగించిన తేలికపాటి రాతి ముక్కలు) గానీ గ్రానైట్ పొడి గానీ బాగా కలపండి, ఇక్కడి నర్సరీల్లో బస్తాల్లో దొరుకుతాయి. మొదళ్ల దగ్గర చెక్కపొట్టు వద్దు, చిన్న గులకరాళ్లు పరవండి. స్ప్రింక్లర్ ఆ వైపు తిరక్కుండా చూడండి, ఆకుల మీద రోజూ నీళ్లు పడితే ఏ రకమైనా నిలవదు. మొదటి వేసవి మాత్రం డ్రిప్ పెట్టి, మట్టి ఆరాక తడపండి. ఎరువు జోలికి పోకండి, ఆకు పెరిగి పూత తగ్గుతుంది.

ప్లేనో తోటమాలి: పై మాటలన్నీ నిజం. రకం సంగతి నేను చెప్తాను. హిడ్‌కోట్, మన్‌స్టెడ్ లాంటి ఇంగ్లిష్ రకాలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, రాత్రిళ్లు కూడా చల్లబడని మన వేసవిలో ఉక్కకి నీరసపడతాయి. ప్రోవెన్స్, గ్రోసో, ఫినామినల్ అనే సంకర రకాలు మేలు. చెవుల్లాంటి పూరేకులుండే స్పానిష్ లావెండర్ అందరికంటే ముందే పూస్తుంది, కానీ 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో మైనస్ 18 డిగ్రీలు దాటింది చూడండి, అలాంటి చలికి అది ఆగదు. వేయడానికి అక్టోబర్ మంచిది, ఎండలు ముదిరేలోపు వేళ్లు పట్టుకుంటాయి. మొక్కకీ మొక్కకీ మూడడుగులు వదలండి, గాలి ఆడాలి.

ఫ్రిస్కో పెరడు: ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ, అక్టోబర్‌లోనే వేస్తాం. కత్తిరింపు ఎప్పుడు చేయాలి?

మట్టివాసన: పూత అవగానే, మూడో వంతు. కొమ్మ పట్టుకుని చూస్తే కింద చెక్కలా ముదిరిన భాగం, పైన పచ్చటి భాగం విడిగా తెలుస్తాయి. పచ్చటి ఆకులు రెండు మూడు జతలు మిగిలేలా పైనే కోయండి. ముదురు చెక్కలోకి కోస్తే చాలాసార్లు అక్కడ మళ్లీ చిగురు రాదు.