ఎలుక తోలా, ఎలుగు తోలా? మధ్యలో మిక్కీ మౌస్

అందరికీ నమస్కారం. ఈ గ్రూపులో ఎప్పుడూ చదవడమే తప్ప రాయలేదు, ఈరోజు ఒక వేమన పద్యం దగ్గర ఆగిపోయి రాస్తున్నాను. మా బాబు నాలుగో తరగతి. పద్యం రాసి పక్కన బొమ్మ వేసుకురమ్మని స్కూల్లో చెప్పారట. పద్యం అందరికీ తెలిసిందే:

ఎలుక తోలు దెచ్చి యేడాది యుతికిన
నలుపు నలుపె గాని తెలుపు రాదు
కొయ్యబొమ్మ దెచ్చి కొట్టిన పలుకునా
విశ్వదాభిరామ వినుర వేమ

వాడు పక్కన ఎలుకను వేశాడు. రెండు గుండ్రటి చెవులు, నల్లటి ఒళ్లు, తెల్లటి చేతి తొడుగులు. మిక్కీ మౌస్ అన్నమాట. ఎలుక ఇలా ఉంటుందా నాన్నా అంటే, "నలుపు నలుపే అని రాసుంది కదమ్మా, నల్ల ఎలుక అంటే ఇదే" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. మేముండేది హైదరాబాద్ చిక్కడపల్లిలో పాత ఇల్లు, ఎలుకలకు కొదవ లేదు, కానీ నేను చూసినవన్నీ మట్టిరంగువే, పొట్ట కింద ఇంకాస్త తేట. నల్లగా నిగనిగలాడే ఎలుక మా ఇంట్లో ఎప్పుడూ తిరగలేదు. మరి పద్యంలో "నలుపు నలుపె" అని అంత గట్టిగా ఎందుకు ఉంది?

అప్పుడు గుర్తొచ్చింది, మా తాతయ్య ఈ పద్యం "ఎలుగు తోలు దెచ్చి" అని చెప్పేవారు. ఎలుగు అంటే ఎలుగుబంటి, మా ఊరివైపు గుడ్డెలుగు అంటారు. రెండు పాఠాలూ చలామణిలో ఉన్నాయి. ఛందస్సు తేల్చుతుందేమో అని గణాలు కట్టి చూశాను, తేల్చదు. ఆటవెలది మొదటి పాదంలో ముందు మూడు సూర్యగణాలు రావాలి, "ఎలుక" మూడు లఘువులు, "ఎలుగు" కూడా మూడు లఘువులే, రెండూ నగణమే. యతి కూడా రెండిటికీ "ఎ" మీదే పడుతుంది కాబట్టి అక్కడా తేడా రాదు. ఇక నోటితో గబగబా చెప్పి చూడండి. "ఎలుగు తోలు" అన్నప్పుడు గు లోని ఉకారం జారిపోతే గ్ పక్కన త వచ్చి కూర్చుంటుంది, నోరు దాన్ని దాదాపు క్ చేసేస్తుంది. విన్నవాడు "ఎలుక తోలు" అని రాసుకుంటే తప్పు పట్టలేం. ఈ పద్యాలు పుస్తకంలోకి ఎక్కక ముందు ఎన్ని నోళ్లు తిరిగాయో కదా.

అర్థం చూస్తే నాకు ఎలుగే సరిగ్గా కూర్చుంటుంది. ఎలుగుబంటి ఒళ్లు నిజంగా నలుపు, ఛాతీ మీద ఒక్క తెల్లటి గీత తప్ప. బహదూర్‌పురా జూలో చూసినవాళ్లకు తెలుసు. మా చిన్నప్పుడు వీధిలోకి ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వచ్చేవారు, పిల్లలకు జడుపు పోవాలని దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవారు. అంటే ఆ తోలు, ఆ బొచ్చు జనానికి చేతికి తెలిసిన వస్తువు. ఏడాదిపాటు ఉతకడానికి తెచ్చే తోలు ఎలుకది అవుతుందా?

ఇక బాబు బొమ్మ సంగతి, దీనిమీదే నేను రెండు రోజులు కూర్చున్నాను. మన పిల్లల మనసులో నల్ల ఎలుకను పెట్టింది ఆ బొమ్మే. అసలు వాల్ట్ డిస్నీకి ముందు పేరు తెచ్చింది ఎలుక కాదు, ఆస్వాల్డ్ అనే కుందేలు, 1927లో యూనివర్సల్ సినిమా సంస్థ కోసం మొదలైంది. 1928 మొదట్లో ఇంకాస్త డబ్బు అడుగుదామని న్యూయార్క్ వెళితే, డిస్నీకీ యూనివర్సల్‌కూ మధ్యలో ఉన్న చార్లెస్ మింట్జ్ ఉన్నదే తగ్గిస్తానన్నాడు, కుందేలు మీద హక్కు డిస్నీది కాదని, బొమ్మలు వేసేవాళ్లలో చాలామంది అప్పటికే అటు వెళ్లిపోయారని తేలింది. డిస్నీ దగ్గర బొమ్మలు వేసే అబ్ ఐవర్క్స్ మాత్రం వెళ్లలేదు. కుందేలు పోయాక చేసిన కొత్త ఎలుక బొమ్మకు మార్టిమర్ అని పేరు అనుకుంటే భార్య లిలియన్‌కు నచ్చలేదని, అలా మిక్కీ అయిందని డిస్నీ చెప్పుకున్న కథ. ఆస్వాల్డ్‌నూ మొదటి మిక్కీనీ పక్కపక్కన పెట్టి చూడండి, అదే నల్ల ఒళ్లు, అదే తెల్ల ముఖం, అదే నిక్కరు. పొడుగు చెవులు గుండ్రంగా మారాయి, పొట్టి తోక సన్నగా సాగింది.

నలుపు ఎందుకంటే అప్పటి సినిమా నలుపు తెలుపు కాబట్టి. ఒళ్లంతా నల్లసిరాతో నింపేస్తే ఆకారం ఒక్క చూపుకే తెలుస్తుంది, లోపల గీతలు వేసే పని తగ్గుతుంది, వేల బొమ్మలు వేయాల్సిన చోట అదెంత పెద్ద ఆదానో ఆలోచించండి. 1919లో వచ్చిన ఫెలిక్స్ పిల్లి కూడా నల్లదే. కానీ ఒక చిక్కు వచ్చింది, నల్ల చెయ్యి నల్ల ఒంటి ముందుకు వస్తే కనిపించదు. అందుకని 1929లో తెల్ల తొడుగులు వేశారు. నలుపును ఉతికి తెలుపు చేయలేదు, తెలుపును పైన తొడిగారు! 1935లో రంగుల్లోకి వచ్చింది, 1940 నాటికి ముఖం తెలుపు నుంచి చర్మం రంగుకు మారింది, కళ్లు మారాయి. చెవులు మాత్రం ఇవాళ్టికీ నలుపే.

మూడో పాదం దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. మిక్కీతో ముందు తీసిన రెండూ మూకీలు, "ప్లేన్ క్రేజీ", "ది గ్యాలపిన్ గాచో". పంపిణీకి ఎవరూ తీసుకోలేదు. మూడోదానికి శబ్దం కలిపి 1928 నవంబర్ 18న న్యూయార్క్ కాలనీ థియేటర్‌లో వేశారు, అదే "స్టీమ్‌బోట్ విల్లీ". ఈల వేస్తూ పడవ చక్రం తిప్పే ఎలుకను జనం అలా చూశారు. మాటలు మరుసటి ఏడాది వచ్చాయి, "ది కార్నివాల్ కిడ్"లో "హాట్ డాగ్స్" అన్నది మొదటి మాట. తర్వాత చాలా ఏళ్లు, 1940ల దాకా, గొంతు డిస్నీదే. కొయ్యబొమ్మను కొట్టినా పలకదు అన్నాడు వేమన, ఈ సిరాబొమ్మ పలికింది, కానీ మనిషి తన గొంతు ఇస్తేనే పలికింది. ఇంకో మాట, తెలుగులో ఎలుగు అంటే గొంతు కూడా. ఎలుగెత్తి పిలిచాడు అంటాం కదా. మొదటి పాదంలో ఎలుగు, మూడో పాదంలో పలుకునా. వేమన కావాలని పెట్టాడని నేను అనను, కానీ "ఎలుగు" అని చదివితే ఆ రెండు పాదాలూ ఒకదాన్నొకటి పిలుస్తున్నట్టు వినిపిస్తుంది.

బాబు ఇంకోటి నేర్పాడు. ఇంట్లో తిరిగే ఎలుకను "అది వచ్చింది" అంటాడు, మిక్కీని "వాడు వచ్చాడు" అంటాడు. నిక్కరు తొడుక్కుని మాట్లాడేసరికి, వ్యాకరణంలో "అది" అనే అమహత్తు కాస్తా "వాడు" అనే మహత్తు అయిపోయింది.

కామెంట్లు చూశాను, ఇక్కడే జవాబు రాస్తున్నాను.

వేమన చిన్న చిన్న వస్తువులనే తీసుకుంటాడు, ఎలుకే సహజం అన్న మాస్టారుగారూ, మీ మాట బలమైనదే, అల్పమైన దానికోసం ఏడాది శ్రమపడటంలోనే పద్యం దెబ్బ ఉందంటే ఒప్పుకుంటాను. కానీ అప్పుడు "నలుపు" అన్న మాటకు బరువు తగ్గుతుంది, నా ఇబ్బంది అక్కడే.

పందికొక్కు నల్లగా ఉంటుంది కదా అని అడిగిన అక్కా, ముదురు రంగే కానీ మనవాళ్లు దాన్ని ఎలుక అనరు, పందికొక్కు అనే అంటారు. ఆ మాటే ఇంగ్లీషులోకి బాండికూట్‌గా వెళ్లి, అక్కణ్నుంచి ఆస్ట్రేలియాలో సంబంధం లేని ఇంకో జంతువుకు అంటుకుంది. దాని మీద వేరే చర్చ పెడదాం.

"బొమ్మ" అన్న మాట సినిమాకూ వాడతాం కదా అని తమ్ముడు రాసింది నిజం. సినిమా హాళ్లుండే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో "బొమ్మ పడిందా" అంటే సినిమా మొదలైందా అని, మా వాడు "బొమ్మలు పెట్టమ్మా" అంటే కార్టూన్లు. చెక్కినది, గీసినది, తెర మీద కదిలేది, మూడింటికీ మనకు ఒకటే మాట సరిపోయింది.

నోటుపుస్తకంలో మిక్కీని చెరిపించలేదు. పద్యంలో "ఎలుక" అనే ఉంచి, పైన పెన్సిల్‌తో "ఎలుగు" అని రాయించాను, కింద ఖాళీలో బాబు ఒక గుడ్డెలుగు వేశాడు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏమని చెప్పేవారో, ఏ జిల్లావాళ్లో కూడా కలిపి రాయండి. ఎలుగు ఎటువైపు నిలిచిందో తెలుసుకోవాలని ఉంది.